ఎలుగుబంటి టోపీ

మలంక తన మొగుడి ముఖం చూడకముందే అతని ఊపిరిని ఎరుగును. ఆ రోజుల్లో కార్పాతియన్ కొండల్లో, ఎదుటి గట్టు మీద గొర్రెలు కాస్తూ, తనాసి బూర ఊదితే ఇవతల ఈమె పాలు పిండడం మరిచిపోయేది. రెండు నిలువుల పొడుగు బూర అది, పిడుగు పడిన చెట్టుతో చేసింది.

తన తండ్రి దాన్ని ఊదితే ఎలుగుబంటి లేచి టోపీ తీసేదని తనాసి చెప్పేవాడు. ఎలుగుకి టోపీ ఎక్కడిదని ఎవరైనా అడిగారా, "ముందురోజు మీ తాతది పోయిందిగా" అనేవాడు.

డెబ్బై ఎనిమిదో ఏట ఆ మనిషి మారిపోయాడు. రెండు మెట్లెక్కితే ఆయాసం, కూర్చుంటే కునుకు. ఎలుగు కథ మొదలెట్టి, టోపీ దగ్గరికొచ్చేసరికి తెల్లబోయి చూసేవాడు. వయసు, అన్నారందరూ. మలంక మాత్రం నీరసానికి తన తల్లి చేసినట్టే ఆపిల్‌కు ఇనుప మేకులు గుచ్చి ఉంచి, మర్నాడు మేకులు తీసి పండు తినిపించేది.

"గుర్రానికి నాడాలు కొట్టినట్టు ఏమిటే ఇది?"

"అలాగైనా నడుస్తావని."

మే నెలలో మందలు కొండెక్కే పొద్దున బూర తనే ఊదుతానని పట్టుబట్టాడు తనాసి. "తప్పితే గోడకు తగిలించేస్తా. మళ్ళీ ముట్టను."

మొదటి వరస బాగానే వచ్చింది. రెండోదానికి కళ్ళు బైర్లు కమ్మి, పెదవులు దారితప్పి, ఊళ్ళో ఎవరైనా పోతే ఊదే చావు కబురు వరస ఎత్తుకున్నాయి. గొర్రెలు కొండెక్కాయి, ఊరు మాత్రం కొవ్వొత్తులు పట్టుకుని మలంక వాకిట్లో దిగింది.

"ఎవరు పోయారు పిన్నీ?"

"మతి పోయింది. మనిషి ఉన్నాడు," అంది మలంక, తలగుడ్డ అంచుతో కళ్ళొత్తుకుంటూ.

తనాసి బూరను గోడకు తగిలించేశాడు.

కొవ్వొత్తి తెచ్చినవాళ్ళలో ఊరి నర్సు ఒరీస్య కూడా ఉంది. ఆయన కింది రెప్ప లాగి చూసింది.

"ఇది వయసు కాదు తాతా. సున్నం కొట్టిన గోడలా ఉంది. నీలో రక్తం లేదు."

పట్నంలో పరీక్ష చేస్తే సంగతి తేలింది. మోకాళ్ళ నొప్పికి ఏళ్ళ తరబడి మింగిన బిళ్ళలు కడుపులో పుండు చేసి, చుక్క చుక్కగా రక్తం తోడేస్తున్నాయి. వాటిని మాన్పించి, పుండుకు మందు, రక్తానికి ఇనుము మాత్రలు ఇచ్చారు.

"మళ్ళీ మేకులేనా?" అన్నాడు తనాసి.

"మేకులే తాతా. ఇవైతే ఒంటికి పడతాయి."

సెప్టెంబరులో మందలు దిగే రోజు వాకిట్లో నలుగురు చేరారు. తనాసి ఎలుగు కథ ఎత్తుకున్నాడు. టోపీ దగ్గర ఆగాడు. మలంక చేతిలోని జున్నుగడ్డ చేతిలోనే ఉండిపోయింది.

"...ముందురోజు మీ తాతది పోయిందిగా," అన్నాడు తనాసి.

మలంక లోపలికెళ్ళి బూర దించుకొచ్చి గుమ్మానికి ఆనించింది.

"ఊదు," అంది. "ఎవరినీ చంపకుండా."