పాపిడి ఉన్న నాచు

నేను ఒక టోపీని. అలాంటిలాంటి టోపీని కాదు, కెప్టెన్ టోపీని. తెల్లటి గుడ్డ, నల్లటి అంచు, నుదుటి మీద జరీతో కుట్టిన లంగరు బొమ్మ. సింగపూర్‌లో సెరంగూన్ రోడ్డు పక్క సందులో ఒక తమిళ దర్జీ నన్ను కుట్టాడు. నిజం చెప్పాలంటే ఆ గుడ్డ పెళ్లి బ్యాండువాళ్ల కోసం కత్తిరించింది. వాళ్లు బేరం మానుకున్న వారమే "సీ జాస్మిన్" అనే విహారనౌక యజమానురాలు మిసెస్ ఓంగ్ వచ్చి, కెప్టెన్ టోపీ కావాలంది. దర్జీ బాకా బొమ్మ కుట్టాల్సిన చోట లంగరు బొమ్మ కుట్టేసి చేతులు దులుపుకున్నాడు.

నన్ను కెప్టెన్ మాత్రం ఒక్కనాడూ పెట్టుకోలేదు. ఆయన పేరు సూరాడ ధనరాజు, కాకినాడ దగ్గర ఉప్పాడవాడు. తాతల కాలం నుంచి సముద్రం మీదే బతికిన ఇల్లు. తలకు తువ్వాలు చుట్టుకుని పడవ నడిపేవారు. నేను అతిథుల కోసం. పూటకింతని పడవ మాట్లాడుకుని, దక్షిణాన ఉన్న చిన్న దీవుల చుట్టూ తిరిగి, తిని, తాగి, ఈదులాడి, దిగబోయే ముందు ప్రతివాళ్లూ నన్ను నెత్తిన పెట్టుకుని చుక్కాని దగ్గర ఫోటో దిగేవాళ్లు. ఒక తల మీది నుంచి తీసి ఇంకో తల మీద పెట్టడం మారిసెల్ పని. ఫిలిప్పీన్స్ పిల్ల, అతిథులకు వడ్డన చేసేది.

తలల సంగతి నాకు తెలిసినంత మంగలికి కూడా తెలియదు. ఇంకా నలభై రాలేదని చెప్పుకునే ఒకాయన తలరంగు నా లోపలి పట్టీకి అంటుకుని ఎన్నటికీ వదల్లేదు. మనశ్శాంతి మీద ఉపన్యాసాలిచ్చే ఒక గురువుగారి మాడు పెనంలా కాలిపోతుండేది. నేను ఎవరి గుట్టూ బయటపెట్టలేదు. ఒక్క భార్గవ విషయంలో తప్ప. అదీ కావాలని చేసింది కాదు.

పెన్మెత్స భార్గవ సింగపూర్‌లో ఒక బ్యాంకు ఉద్యోగి. తండ్రి సూరిబాబు గారికి భీమవరంలో రొయ్యల చెరువులు. ఆ రోజు మధ్యాహ్నం వాళ్లిద్దరూ ఒకవైపు, పెళ్లికూతురు ప్రణవి, ఆమె తల్లి అనసూయ గారు ఇంకోవైపు కూర్చున్నారు. ప్రణవి కూడా సింగపూర్‌లోనే భవనాల నమూనాలు గీసే ఉద్యోగం చేస్తోంది. అంటే అది పెళ్లిచూపులు. హోటల్లో కాఫీ తాగి తేల్చుకోవాల్సిన పనికి సముద్రమంతా కావలసివచ్చింది.

సూరిబాబు గారు పీతల వేపుడు మెచ్చుకుంటూ, కొడుకు జీతం నుంచి చిన్నప్పుడు వచ్చిన మార్కుల దాకా ఏకరువు పెట్టారు. ప్రణవి ఒక్క ముక్క తినలేదు, ఒక్క మాట మాట్లాడలేదు. పెదవులు బిగించి దూరంగా తీరాన్నే చూస్తోంది. భార్గవ ఒకటి రెండుసార్లు ఏదో అడగబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు. తనంటే ఇష్టం లేదని తేల్చేసుకున్నట్టు భుజాలు దిగిపోయాయి.

"ఆ టోపీ పెట్టుకోరా, అమ్మాయి పక్కన ఓ ఫోటో తీస్తాను" అన్నారు సూరిబాబు గారు.

"వద్దు నాన్నా, ఎండగా ఉంది."

"ఎండకే కదరా టోపీ."

అప్పటికే మారిసెల్ నన్ను తెచ్చి అతని నెత్తిన దింపేసింది. నాకు తల తగల్లేదు. జుట్టు తగిలింది, జుట్టు కింద వల, వల కింద జిగురు, జిగురు కింద ధారగా చెమట. అయ్యో పాపం అనుకునేలోపు నా పట్టీలో ఊడిన దారమొకటి ఆ వలలో చిక్కుకుంది. పడవ దీవి మలుపు తిరిగింది. ఎదురుగాలి నా అంచు కిందికి దూరి ఒక్క విసురు విసిరింది. నేనూ లేచాను, నాతోపాటు ఆ జుట్టూ లేచింది. ఇద్దరం కలిసి సముద్రంలో పడ్డాం.

ధనరాజు గారు వెనక్కి చూశారు. నీళ్లలో ఏదైనా పడితే తీసే దాకా ఆయన మనసు ఊరుకోదు. వేగం తగ్గించి, పడవను ఎంతో నేర్పుగా చుట్టు తిప్పి నా పక్కన నిలిపారు. భార్గవ రెండు చేతులూ తల మీద పెట్టుకుని నిలబడ్డాడు. "పోనీలే కెప్టెన్, పాత టోపీయే కదా" అని సూరిబాబు గారు రెండుసార్లు కేకవేశారు. వినిపించలేదో, వినదలచుకోలేదో, కెప్టెన్ కొక్కెం కర్ర దించి నన్ను పైకి తీసి, అందరి ఎదురుగా పట్టుకున్నారు. నా కింద ఆ నల్లటిది తడిసిన పిల్లికూనలా వేలాడుతోంది.

"ఆయ్, ఇది తమదేనాండి?"

"అదేదో సముద్రపు నాచు. పారెయ్యవయ్యా" అన్నారు సూరిబాబు గారు.

ధనరాజు గారు దాన్ని దగ్గరగా చూశారు. "నాచు కాదండి. పాపిడుందండి."

మారిసెల్‌కు తెలుగు రాదు, అయినా పళ్లెం చాటున ముఖం దాచుకుంది. పడవ మీద ఎవరి చూపులు ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియలేదు. భార్గవ చేతులు దించాడు. నున్నటి తల ఎండకు మెరిసింది. ముప్పైమూడేళ్లకే జుట్టు ఊడిన ఆ తలతో తల్లిదండ్రుల ముందు తప్ప అతను ఎవరి ముందూ నిలబడి ఎరగడు కాబోలు.

"నాదే. ఇటివ్వండి" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ప్రణవి లేచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడవ అంచు కమ్మీ దగ్గరికి పరుగెత్తి వాంతి చేసుకుంది.

సూరిబాబు గారి ముఖం ఎర్రబడింది. "మా వాడి తల చూస్తే మీ అమ్మాయికి అంత అసహ్యమా చెల్లెమ్మా? పదండి, ఇక్కడితో ఈ సంబంధం..."

"మీ అబ్బాయిని చూసి కాదండి" అంది ప్రణవి, ముఖం తుడుచుకుంటూ. "పడవెక్కిన దగ్గర్నుంచీ ఆపుకుంటున్నాను. నోరు తెరిస్తే మాటకు బదులు అదే వస్తుందని భయపడి చస్తున్నాను."

భార్గవ తెల్లబోయాడు. "మీ వివరాల్లో సముద్రమంటే ప్రాణమని రాసి పంపారు కదా."

"అమ్మ రాసింది. నేను ఇంతవరకు ఎక్కింది నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఒక్కటే. దాని మీద కూడా కళ్లు మూసుకునే నిలబడ్డాను."

అనసూయ గారు కొంగు సర్దుకున్నారు. "అందరూ పాటలు, వంటలు అని రాస్తున్నారు అన్నయ్యగారూ. మనమ్మాయి కాస్త వేరుగా కనిపించాలని..."

"ఆ ముక్క చదివే కదమ్మా ఈ పడవ మాట్లాడింది" అని సూరిబాబు గారు కూలబడ్డారు. "నాకూ కడుపులో తిప్పుతూనే ఉంది. పీతల మీద ధ్యాస పెట్టి నెట్టుకొస్తున్నాను."

భార్గవ కెప్టెన్ వైపు తిరిగి ఒడ్డుకు పోనిమ్మన్నాడు. సాయంత్రం దాకా షికారు, సూర్యాస్తమయం, కేకు, అన్నీ మిగిలిపోయాయి. ఎవరూ అడగలేదు. అతను ప్రణవి పక్కన వెళ్లి కూర్చున్నాడు. విగ్గును నా నుంచి విడదీసి జేబులో కుక్కుకున్నాడు, తల అలాగే వదిలేశాడు. ఆమె ఏదో చెప్పబోయి మళ్లీ నోరు మూసుకుంది. కమ్మీ దాకా వెళ్లే వ్యవధి లేదు. భార్గవ చేతికి అందిన దాన్ని ఆమె ముందు పట్టాడు. చేతికి అందింది నేనే.

ఆ తర్వాత జరిగింది నేను వర్ణించను. నాకూ కాస్త మర్యాద ఉంది.

"సారీ" అంది ఆమె, కళ్లలో నీళ్లతో.

"పర్వాలేదు. ఇంకా వస్తే చెప్పండి, ఇక్కడే ఉన్నాను" అన్నాడు అతను. నన్ను రెండు చేతులా ఒలకకుండా పట్టుకుని ఒడ్డు చేరే దాకా అలాగే కూర్చున్నాడు. దారిలో ఆమె అతని తల వైపు చూసి, "ఇలాగే బాగుంది. అది పెట్టుకుంటే బ్యాంకు క్యాలెండర్ మీద బొమ్మలా ఉన్నారు" అంది. ఆ పూట అతను మొదటిసారి నవ్వాడు.

రేవులో దిగాక, పిల్లలు ఏమంటారో అని పెద్దవాళ్లిద్దరూ ఎదురుచూస్తూ నిలబడ్డారు. ప్రణవి నేల మీద కాలు గట్టిగా ఆనించి చూసుకుంది. "రేపు కలుద్దామండి" అంది భార్గవతో. "ఏదైనా కదలని చోట."

ఆ తర్వాత ఏడో నెలలో ధనరాజు గారికి శుభలేఖ వచ్చింది. దాని మీద పెళ్లికొడుకు ఫోటో బోడితలతోనే ఉంది. ఆయన మారిసెల్‌కు చూపించి, ఒక్కొక్క పేరూ చదివి వినిపించారు.

నన్ను మారిసెల్ మూడుసార్లు సబ్బుతో ఉతికింది. నేను కుంచించుకుపోయాను, లంగరు జరీ ఊడిపోయింది. మిసెస్ ఓంగ్ ఫ్యాక్టరీలో చేసిన కొత్త టోపీ కొనుక్కొచ్చింది. ఇప్పుడు నేను పడవ వెనక వైపు, తువ్వాళ్లు ఆరేసే తీగ పక్కన మేకుకు వేలాడుతున్నాను. నా కడుపు నిండా బట్టల క్లిప్పులు. నీడ ఉంది, గాలి ఉంది, ఎవరి చెమటా లేదు.

ఇక్కడి నుంచి చుక్కాని బాగా కనిపిస్తుంది. నిన్న ఒకాయన కొత్త టోపీ పెట్టుకుని, దక్షిణం వైపు వేలు చూపించి, అదే ఉత్తరమని భార్యకు వివరించాడు. పడవను అటే పోనిమ్మని కెప్టెన్‌కు ఆజ్ఞ కూడా ఇచ్చాడు. ధనరాజు గారు "ఆయ్, అలాగేనండి" అని ఎంతో వినయంగా తలూపి, తను పోయే దారినే పోయారు. కొత్త టోపీ పెట్టుకున్నాయన మాత్రం పడవ తన మాటే వింటోందని దారి పొడవునా సంతోషించాడు.