కేసులో మేం లేం

భూస్వామి వీరరాఘవయ్య ట్రాక్టరు మా కందిచేలో దిగింది. పూత మీదున్న చేను. అడ్డం వెళ్లిన బాలశౌరిని ఆయన మనుషులు కర్రలతో కొట్టి గట్టు మీద పడేశారు. మేమంతా చూస్తూ నిలబడ్డాం.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది అది. వినగడప దారిలోని ఆ బంజరులో ముళ్లకంప నరికి సాగుకు తెచ్చింది మా పేటవాళ్లమే. సర్కారు మాకే ఇస్తానంది. కాదు, తాతల నాటినుంచీ తనదేనని వీరరాఘవయ్య హైకోర్టుకెక్కాడు. పట్టాలింకా మా చేతికి రాలేదు. అందుకని ఆ కేసులో ఆయనున్నాడు, సర్కారుంది, మేం లేం. సర్కారు వకీలేమో ప్రతి వాయిదాకీ నోరు మూసుకునే ఉన్నాడు.

కూలిసంఘం వకీలు సీతారామారావు బెజవాడ నుంచి వచ్చి చర్చి అరుగు మీద కూర్చున్నాడు.

"కేసులో లేనివాళ్లు కూడా కోర్టుకు నిజం తెలపొచ్చు. అలా తెలిపేవాళ్లని కోర్టు మిత్రులంటారు. సంఘం పేరిట అర్జీ పెడదాం. చేను వేసిందెవరో, ట్రాక్టరుతో దాన్ని దున్నించిందెవరో ఒకరు ప్రమాణం చేసి చెప్పాలి."

"కోర్టుకి మనం మిత్రులం, సరే. కోర్టు ఎప్పుడన్నా మనకి మిత్రుడయిందా సార్?" జోజమ్మ అడిగింది.

"కాలేదమ్మా. ఇప్పుడు వింటుందని కూడా నేను మాటివ్వలేను. మనం చెప్పకపోతే మాత్రం ఆయన చెప్పిందే నిజమవుతుంది."

"చెప్పినోడి గుడిసె తగలెడతారు," అన్నాడు బాలశౌరి, కట్టు కట్టిన తల పట్టుకుని.

చివరికి సంఘం పెద్ద మరియదాసు లేచాడు. "నేను చెప్తా."

మర్నాడు ప్రమాణపత్రం రాయించడానికి వకీలుతో కలిసి అందరం ఆయన వెంట తిరువూరు వెళ్లాం. బస్సు దిగీ దిగగానే పోలీసులు మరియదాసు రెక్క పట్టుకున్నారు. వీరరాఘవయ్య బావి మోటారు ఈయన దొంగిలించాడట! జీపెక్కిస్తుంటే ఆయన వెనక్కి తిరిగి మా వంక చూశాడు. సోడాకొట్టు దగ్గర వీరరాఘవయ్య మనుషులు నవ్వుతున్నారు.

"ఇంటికి పోదాం పదండే," అని ఎవరో ఏడ్చారు. నా కాళ్లూ బస్సు వైపే లాగాయి.

మరియదాసు భార్య మేరమ్మ కదల్లేదు.

"వకీలుగారూ, ఆయన పేరు తీసేసి నా పేరు రాయండి."

"నాదీ రాయండి," అంది జోజమ్మ. "ఒక్కరయితే పట్టుకుపోతారు. ఇంతమందిని ఏ జీపులో ఎక్కిస్తారు?"

నోటరీ బల్ల ముందు వరసగా నిలబడ్డాం. ధైర్యమేమీ రాలేదు మాకు. వేలిముద్రలు అలుక్కుపోతే మళ్లీ వేశాం. బాలశౌరి వేశాడు. నేనూ వేశాను. అటునుంచి ఇళ్లకు పోకుండా మరియదాసును వదలమని నేరుగా పోలీసు స్టేషను ముందుకెళ్లి కూర్చున్నాం. వాయిదా రోజు దాకా వంతులేసుకుని కూర్చుంటూనే ఉన్నాం.

హైదరాబాదులో జడ్జి మా అర్జీ చదివి, "ఇంతమంది బతుకు ఆ చేలో ఉందని మాకెందుకు చెప్పలేదు?" అని సర్కారు వకీలును నిలదీశాడట. కేసు తేలేదాకా మమ్మల్ని బంజరు నుంచి కదపకూడదన్నాడు. ఆ కబురు సీతారామారావు తెచ్చేసరికి మేం ఇంకా స్టేషను ముందే ఉన్నాం.

ఎస్సై బయటికొచ్చాడు. "మీకు కావాల్సింది వచ్చిందిగా. లేవండింక!"

మేరమ్మ తలెత్తి చూసింది. "చేను సంగతి కోర్టు విందయ్యా. మనిషి సంగతి మీరు చెప్పండి."

ఎస్సై లాఠీ ఎత్తాడు. మేం ఒకరి చెయ్యి ఒకరం గట్టిగా పట్టుకున్నాం. ఎవరూ లేవలేదు.