తడిసిన పౌడరు

ఎల్లాజీ బావ పడవ అంచున కూర్చుని, దిండును గుండెలకు హత్తుకుని దగ్గుతున్నాడు, దగ్గినప్పుడల్లా అతని ఛాతీలో ఎముక టిక్కుమంటోంది, అతను చనిపోయాడని నాకు గుర్తున్నా అదేమీ వింతగా తోచక వెళ్లి పక్కనే కూర్చుంటాను.

"పడవలో దిండేటి బావా?"

"దగ్గొస్తే పట్టుకోమన్నారు కదరా మసేనూ. నీకూ గుండె ఆపరేషనయింది, తెల్దేటి?"

పడవ కింద నీళ్లు లేవు, ఆస్పత్రి వార్డు నేల ఉంది, దాని మీద మంచాల మధ్య నుంచి పడవ మెల్లగా జారుతుంటే నేను వల లాగుతున్నాను, వల నిండా తడిసిన గాజుగుడ్డలే వస్తున్నాయి.

బావ చొక్కా విప్పుతాడు. ఛాతీ అంతా తెల్లటి పౌడరు, మధ్యలో కుట్టు విడిపోయిన చోట మాత్రం అది తడిసి ముద్దకట్టింది. చీము వాసన చెల్లెలికి తెలియకూడదని బతికున్నప్పుడు రోజూ ఇలాగే డబ్బా ఒంపుకునేవాడు. ఆ చెల్లెలే నా భార్య లోవమ్మ.

"నువ్వూ పౌడరు మొదలెట్టీసినావేటి? వాసనొస్తంది."

"ఈ పొద్దున్నే. కుళ్లిన ఎముక తీసీసి, పక్క కండ తిప్పి గుంత మీద కప్పాలంటన్నాడు డాక్టరు. లోవకి సెప్పలేదు."

"నాకూ అదే సెప్పాడు."

"మరెందుకు పారిపోయొచ్చీసినావు?"

"కండ కదిపితే వల లాగలేనని." బావ నవ్వుతాడు, ఎముక టిక్కుమంటుంది. "ఇప్పుడు తెగ లాగీస్తన్నాను, సూడు."

"నాకు సత్తువ పోతే పిల్లలేటి తింటారు బావా?"

"నా పిల్లలేటి తింటన్నారు?"

అతని భార్యాపిల్లలు మా పొయ్యి మీద వండిందే తింటున్నారు, నేను పట్టిన చేపల మీదే బతుకుతున్నారు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. వార్డు గోడలు పల్చబడి పొగలా కదులుతున్నాయి.

"నీ తరవాత అందరూ ఎవురింట్లో తింటారో అదీ సెప్పు" అంటూ బావ దిండు నా చేతుల్లో పెడతాడు. "గట్టిగా పట్టుకో. దగ్గొస్తాది."

దగ్గు వస్తుంది. మెలకువ వస్తుంది. మధ్యాహ్నపు ఎండ గుమ్మం దాకా వచ్చింది, నా చేతుల్లో నిజంగానే దిండు ఉంది, నా ఛాతీలో ఎముక టిక్కుమంది.

"లోవా, ఒకసారి ఇటు రా."

చేతులు తుడుచుకుంటూ వచ్చిన లోవమ్మ గుమ్మంలోనే ఆగిపోతుంది. నా మొహం చూడదు. దిండు గలీబు మీద తడిసి ముద్దకట్టిన పౌడరునే చూస్తుంది.