గొడవకు రాని మనిషి

మా సంఘంలో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. వరుసగా రెండు ఆదివారాలు ఆరాధనకు రాని మనిషి ఇంటికి మంగళవారం ఇద్దరు వెళ్లాలి. ఒకరు ఆ మనిషికి దగ్గరివాళ్లు. రెండోవాళ్లు ఆ మనిషితో పొసగనివాళ్లు. "దగ్గరివాళ్లు చెప్పకపోయినా వెళ్తారు, పొసగనివాళ్లనే పంపాలి," అనేవారు పాస్టరుగారు. ఎవరికి ఎవరితో పొసగదో ఎక్కడా రాసిపెట్టలేదు. వెనక బల్లమీద హాజరు పుస్తకం పట్టుకుని కూర్చునే మా పెద్దమ్మకి అదంతా కంఠతా వచ్చు.

ఇప్పుడు ఎవరైనా రాకపోతే ఫోనుకి సందేశం వెళ్తుంది. రెండు చేతులు జోడించిన బొమ్మతో. నాకూ వస్తుంటుంది. చదివి పక్కన పెట్టేస్తాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఆరాధనలో పియానో వాయించేదాన్ని. చర్చి గోడకి ఆనుకునే అచ్చాఫీసు. దాన్ని నడిపే ఆయన ఒంటరివాడు, మన దేవుణ్ణీ ఇంకే దేవుణ్ణీ పట్టించుకోనివాడు. సోమవారానికి పెళ్లికార్డులు అందించాలని ఆదివారం కూడా మిషను తిప్పేవాడు. మేం కీర్తన పాడుతుంటే మధ్యలో మిషను ఆపి కిటికీలోంచి అరిచేవాడు. అందరినీ కాదు, నన్ను.

"అమ్మాయ్! నాలుగో చరణంలో మళ్లీ పరుగు! వెనక కుక్కలేమైనా పడ్డాయా?"

బల్లలమీద నవ్వులు అణుచుకునేవాళ్లు. నా చెవులు వేడెక్కేవి. ఆయన్ని ద్వేషిస్తున్నానని అనుకునేదాన్ని. నిజం ఇంకొంచెం లోపల ఉండేది. ఆరాధనయ్యాక అందరూ ఒకే గొంతుతో "బాగా వాయించావమ్మా" అనేవాళ్లు. ఆరేళ్లుగా అదే మాట. అది ప్రేమే, కానీ విన్నవాళ్ల మాట కాదు. నేను తొందరపడతానని నాకు తెలుసు. పాట అయిపోయాక వచ్చే నిశ్శబ్దమంటే నాకు భయం. ఎవరికీ చెప్పని ఆ భయాన్ని గోడ అవతలి మనిషి పట్టుకున్నాడు. దాన్నే క్షమించలేకపోయాను.

ఒక ఆదివారం పాస్టరుగారు రానివాళ్ల పేర్లు చదవడం ముగించి, కళ్లద్దాలు తీశారు.

"ఇంకొకరున్నారు. అచ్చాఫీసాయన."

"ఆయన మన సంఘం కాదు కదండీ," అన్నాడు ముందు బల్లమీది వడ్రంగి.

"రెండు వారాలుగా గొడవకి రాలేదు. అవునా, కాదా?"

"రాలేదనుకోండి..."

"మరి గైర్హాజరే కదా."

పెద్దమ్మ అప్పటికే కలం మూత తీసింది. "ఏ పేజీలో రాయమంటారు?"

"కొత్త పేజీ తియ్యండమ్మా."

పొసగనివాళ్లెవరని ఎవరూ అడగలేదు. తలలన్నీ పియానో వైపు తిరిగాయి. దగ్గరివాళ్లెవరని అడిగితే మాత్రం ఒక్కరూ మాట్లాడలేదు. చివరికి పెద్దమ్మే లేచింది. "నా పేరే రాసుకుంటున్నా. ఆయన రోజుకి ఎన్నిసార్లు తుమ్ముతాడో కూడా నాకు తెలుసు. అది చుట్టరికం కాకపోతే ఇంకేంటి?"

మంగళవారం ఉదయం వెళ్లేసరికి షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్లాం. సిరా వాసన, కిరసనాయిలు వాసన. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఆయన మాకు వీపు పెట్టి, సీసపు అచ్చుల్ని ఒక్కొక్కటిగా అరల్లో వేస్తున్నాడు.

"బాబూ!" అంది పెద్దమ్మ. పలకలేదు. "ఏమయ్యోయ్!" పలకలేదు. "చూశావుటే పొగరు!"

తిరిగి వెళ్లిపోదామని నేను వెనక్కి తగ్గాను. నా సంచి తగిలి బల్లమీది ఇనప పలక నేలమీద పడింది. మేమిద్దరం ఉలిక్కిపడ్డాం. ఆయన వీపు కదల్లేదు.

అప్పుడు అర్థమైంది. ముందుగా నాలో కలిగింది జాలి కాదు. ఇక నన్ను పట్టుకునేవాడు లేడన్న ఊరట. ఆ వెంటనే, మెట్టు ఉందనుకుని గాల్లో అడుగేసినట్టు, ఒక ఖాళీ. ఆ రెండూ ఒకే మనసులోంచి వచ్చాయని ఒప్పుకోడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మా నీడ పడి ఆయన తిరిగాడు. "ఏంటి, ఇద్దరూ బయల్దేరారు? చందాలకా?" గొంతు అవసరానికి మించి పెద్దగా ఉంది.

నేను ఒక కాగితం ముక్క తీసుకుని "ఎప్పటినుంచి వినపడటం లేదు?" అని రాశాను. చదివి, బోర్లించాడు. స్టూలు మీద కూర్చున్నాడు.

"ఎడమది ఎప్పుడో పోయింది. కుడిది పోయి రెండు వారాలు దాటింది. జలుబనుకున్నా. ఇక రాదన్నాడు డాక్టరు." నల్లబడ్డ బొటనవేలి గోరు చూపించాడు. "కళ్లు కాగితం మీద ఉండాలి, చేతులు మిషను దగ్గర. లోపల ఏది వదులైనా చప్పుడే చెప్పాలి. ముప్పై ఏళ్లు చెవులతోనే నడిపా. శనివారం పాతసామాన్లవాడు వచ్చి మిషను పట్టుకెళ్తాడు. ఎవరికీ చెప్పకండి."

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "నీకు చెవులున్నాయి కదే?"

నేను ఇంకో కాగితం మీద "మిషను వెయ్యండి" అని రాశాను.

"నీకేం తెలుసు దీని సంగతి?"

"నడక తెలుసు," అని దాని కిందే రాశాను.

"నడకా! నీకా!" అని పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే గుడ్డ లాగేశాడు.

మిషను కదిలింది. నేను కళ్లు మూసుకున్నాను. ఆ చప్పుడు గోడ అవతల్నుంచి ఆరేళ్లు నా పాటకి అడ్డుపడిందే. ఎదురుగా వింటే దానికీ ఒక వరుస ఉంది. మూడు డజన్ల కార్డులయ్యాక ఎక్కడో ఒక చిన్న దెబ్బ అదనంగా వినిపించింది. చెయ్యెత్తాను. ఆయన ఆపి, లోపల తడిమి, రోలరు కొక్కెం ఊడబోతోందని చూశాడు. దాన్ని బిగించి నా వైపు తిరిగాడు.

"రేపు తొమ్మిదింటికి రా. ఆలస్యమైతే తలుపు తియ్యను."

సాయంత్రానికల్లా సంఘమంతటికీ తెలిసిపోయింది. నేను కోప్పడితే పెద్దమ్మ, "ఎవరికీ చెప్పొద్దన్నాడు. మనవాళ్లకి చెప్పొద్దనలేదుగా," అంది. మిషను పక్కన కూర్చుని వినడానికి వంతులు పడ్డాయి. బుధవారం నాది, గురువారం వడ్రంగిది. శుక్రవారం ఇస్త్రీ కొట్టతను వచ్చాడు. చర్చి గడప ఎప్పుడూ తొక్కనివాడు, ఎందుకొచ్చావంటే "స్టూలు ఖాళీగా ఉంది కదాని," అన్నాడు. శనివారం పాతసామాన్లవాడు బండి తోలుకుని రానేవచ్చాడు. పని మధ్యలో ఉందని, ఆపడానికి వీల్లేదని చెప్పి పెద్దమ్మ అతన్నీ స్టూలు మీద కూర్చోబెట్టింది. సాయంత్రం ఖాళీ బండితో వెళ్లాడు. ఆపైన శనివారాలు అతనివే అయ్యాయి.

అచ్చాఫీసాయన ఆరాధనకు ఎన్నడూ రాలేదు. రమ్మని ఎవరూ అనలేదు. మిషను పక్కన మాత్రం ఎవరో ఒకరు ఎప్పుడూ ఉండేవాళ్లు. తమలో తాము మాట్లాడుకోనివాళ్లు కూడా వంతు మారేటప్పుడు "పైన ఎడమవైపు కొంచెం చూసుకో" అని చెప్పుకోక తప్పేది కాదు.

నా వంతు రోజుల్లో ఒకటి బాగా గుర్తుంది. వాన. కార్డులన్నీ అయిపోయినా ఆయన మిషను ఆపలేదు. ఒక కాగితం నా వైపు తోశాడు. "ఇవాళ ఎలా ఉంది?"

ఏం అడుగుతున్నాడో అర్థమై, కాసేపు విని రాశాను. "దిగేటప్పుడు తూలుతోంది. లేచేటప్పుడు మూలుగుతోంది. మధ్యలో ఊపిరి తీసుకుంటోంది."

చదివి తల ఊపాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ముసలిదైంది," అన్నాడు. "తీసుకోనీ."

ఇద్దరం అలాగే నిలబడ్డాం. నేను వింటూ, ఆయన నన్ను చూస్తూ.