పరీక్ష రోజు మాత్ర

ఇలా నా పక్కకి జరిగి కూర్చో బంగారూ, ఆ ఫోను కాస్త అవతల పెట్టు. ఒక బస్సు డ్రైవరు పెళ్ళాం సంగతి చెబుతాను.

అతను పనిచేసే డిపోలో డ్రైవర్లకు ఏటా వైద్య పరీక్ష ఉండేది. బీపీ ఎక్కువని తేలితే స్టీరింగు లాక్కుని చేతికి చీపురిచ్చేవారు. మొగుడికి బీపీ ఉందని ఆవిడకి తెలుసు, అతనికీ తెలుసు. పొద్దస్తమానం సీట్లో కూలబడే ఒళ్ళు, ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య సిగరెట్టు, ఏం వడ్డించినా పైన మళ్ళీ ఉప్పు చల్లుకునే చెయ్యి. రాక ఎక్కడికి పోతుంది? అయినా ఆసుపత్రి గడప తొక్కలేదు. పరీక్ష రోజు పొద్దున్నే ఆవిడ ఆడపడుచు ఇంటికి పరుగెత్తి, ఆమె బీపీకి వాడే మాత్ర ఒకటి అడిగి తెచ్చి మొగుడి చేత మింగించేది. అంకె దిగేది, ఉద్యోగం నిలిచేది. డిపోలో సగంమంది ఇళ్ళలో ఇదే తంతు.

ఒక ఏడాది మాత్రతోపాటు ఆడపడుచు తనే వచ్చింది.

"ఏడాదికోసారి మింగడానికి ఇదేమన్నా టీకా అనుకున్నావురా?"

"రోజూ మింగితే రోగినక్కా, ఒక్కరోజు మింగితే డ్రైవర్ని" అని తమ్ముడు నవ్వాడు. పెళ్ళామూ నవ్వింది.

నెల తిరక్కుండానే, డిపోలోంచి బండి బయటికి తీస్తూ ఉండగా అతని కుడిచెయ్యి స్టీరింగు మీంచి జారిపోయింది. మూతి వంకరపోయింది. ఇంతకుముందు బీపీ ఉండేదా అని ఆసుపత్రిలో డాక్టరు ఆవిణ్ణి అడిగాడు. పక్కనే డిపో మేనేజరు నిలబడి ఉన్నాడు. ఉందంటే ఉద్యోగం పోతుంది. ఆవిడ భయమంతా ఇంకా దాని మీదే.

"లేదండీ, ఎప్పుడూ లేదు."

మంచం మీద మొగుడు ఏదో అనబోయాడు, మాట పెగల్లేదు. పాపం, ఏ రోగమూ లేని మనిషి అని మేనేజరు నిట్టూర్చి వెళ్ళిపోయాడు. అది మళ్ళీ స్టీరింగు పట్టే చెయ్యి కాదని డాక్టరు చెప్పాక గానీ, అప్పటికే పోయిన ఉద్యోగాన్ని కాపాడాలని అబద్ధమాడానని ఆవిడకి తట్టలేదు.

మందుల షాపునుంచి మొగుడికి రాసిన బీపీ మాత్రల అట్ట పట్టుకుని వస్తుంటే వరండాలో ఒక తోటి డ్రైవరు ఎదురయ్యాడు. పరామర్శ అయ్యాక గొంతు తగ్గించాడు.

"చెల్లెమ్మా, సోమవారం నాకు పరీక్ష. అందులో ఒకటి ఇస్తావా?"

ఇవ్వను, డాక్టరుకి చూపించుకుని రోజూ వేసుకో అన్నయ్యా అందావిడ. అతని మొహం మాడిపోయింది.

"నీ మొగుడి ఉద్యోగం పోయిందని నాదీ పోవాలా?" అని విసురుగా మెట్లు దిగిపోయాడు.

ఆవిడ అతనికి చెప్పిన మాట మరిచిపోకు తల్లీ. పరీక్ష గట్టెక్కడానికి మందు మింగేవాడు నీకెక్కడ కనబడినా, కూర్చోబెట్టి ఇదంతా చెప్పు. తిడితే తిట్టనీ.