మూడు కెమెరాలకూ కనబడని చెయ్యి

పళ్ళమేస్త్రి సైకిల్‌కి మూడు కెమెరాలు. హ్యాండిల్ మీద ఒకటి, నెత్తిన హెల్మెట్ మీద ఒకటి, సీటు కింద వెనక్కి తిరిగి వేలాడేది ఒకటి. ఇన్ని కళ్ళు పెట్టుకుని తిరిగే మనిషికి, మొన్న ఆదివారం తన కుడి చెయ్యి ఏం చేసిందో మాత్రం తెలియడం లేదు.

ఆయన డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసి ఇస్తాడు. అందుకే వీధివాళ్ళు పెట్టిన పేరది. బజారులో కొన్న కెమెరా పట్టీలు గతుకుల్లో గడగడ వణికాయని, పళ్ళసెట్లకు వాడే గులాబీరంగు ముద్దతోనే మూడింటికీ పట్టీలు పోత పోసుకున్నాడు. అవి ఉడుంపట్టు పట్టాయి. బావమరిది చూసి, "బావా, నీ సైకిల్ చిగుళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది" అన్నాడు. అన్నవాడే మోజుపడి తనూ ఒక సైకిల్ కొనుక్కుని, ఆదివారాలు బావ వెనకాల బయలుదేరడం మొదలుపెట్టాడు.

మొన్న ఆ వెనకాలే పడ్డాడు. రోడ్డు దిగువకు వాలేచోట గుంత వచ్చింది. పళ్ళమేస్త్రి బ్రేకు నొక్కి పక్కకు తప్పుకున్నాడు. వెనకనుంచి ఢామ్మని చప్పుడు వినబడింది. బావమరిదికి మెడకింది ఎముక విరిగింది. బేకరీలో పిండి పిసికే పని అతనిది. ఇప్పుడు చెయ్యి మెడకు వేలాడేసుకుని అక్కగారింట్లో మంచమెక్కాడు. పడ్డాక సంగతులు గుర్తున్నాయిగాని పడకముందువి ఒక్క ముక్కా గుర్తులేదు.

పళ్ళమేస్త్రి భార్య అడిగింది ఒకటే మాట. "గుంత వస్తే వెనకవాడికి చెయ్యి కిందికి చూపించాలని మీరే చెబుతారుగా. చూపించారా, లేదా?"

ఆస్పత్రిలో "చూపించాను" అన్నాడు. ఇంటికొచ్చాక "చూపించే ఉంటాను" అన్నాడు. తెల్లారేసరికి అది "చూపించాననుకుంటా"లోకి దిగింది.

"మీ వెనక వెళ్తే భద్రమని వాణ్ణి పంపింది నేను" అందావిడ. "చూపించకపోతే చూపించలేదని వాడి మొహం మీద చెప్పండి. అంతేగాని ఈ నీళ్ళు నమలడం నాకొద్దు." ఆ తర్వాత ఆయనతో అవసరానికి మించి ఒక్క మాట ఆడలేదు. దానికి ఆయనకు నిజంగానే భయం వేసింది.

అందుకని పొద్దున్నే పళ్ళ అచ్చుల మధ్య, సానపట్టే యంత్రం పక్కన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. హ్యాండిల్ కెమెరాలో రోడ్డు కనబడింది, గుంత కనబడింది. గుంత దగ్గర బొమ్మ కాస్త ఊగింది. చెయ్యి తీసినందుకు ఊగిందా, బ్రేకు నొక్కినందుకు ఊగిందా? ఆ దేవుడికే తెలియాలి. హెల్మెట్ కెమెరా తల ఎటు తిరిగితే అటే చూస్తుంది, తుంటి పక్కకు దిగిన చెయ్యి దాని కంటపడదు. పోనీ రోడ్డు మీద నీడైనా సాక్ష్యం చెబుతుందనుకుంటే, ఆ రోజంతా మబ్బు.

చూసినకొద్దీ చిక్కు ఎక్కువైంది. కళ్ళు మూసుకుంటే చెయ్యి చూపించినట్టే ఉంది. తెరిచి వీడియో చూస్తే అసలు చేతులే లేనట్టుంది. ఇంకో నాలుగుసార్లు చూసేసరికి, గుర్తున్నది ఆ ఆదివారమో ఈ వీడియోనో కూడా తేల్చుకోలేకపోయాడు.

మిగిలింది సీటు కింది కెమెరా. తలకిందులుగా బిగించాడు కాబట్టి అందులో రోడ్డు పైన, ఆకాశం కింద. దాన్ని తిప్పుకోవాలన్న ఆలోచన ఆయనకు ఏనాడూ రాలేదు. రోజంతా పైదవడ పళ్ళను వెల్లకిలా పట్టుకుని పనిచేసేవాడికి తలకిందులేమిటి, తిన్ననేమిటి! పడటానికి క్షణం ముందు బొమ్మను ఆపి, పన్ను చూసినట్టే బావమరిది కుడి చేతిని ఒక్కదాన్నే తెరనిండా పెద్దది చేశాడు.

చెయ్యి హ్యాండిల్ మీద లేదు. గాల్లో ఉంది. వేలు పైకి లేచి ఉంది!

"ఇటు రావే!" అని కేకపెట్టాడు. "మీ తమ్ముడు ఎవరికో చెయ్యెత్తి పలకరిస్తున్నాడు. వాడి తప్పు నా నెత్తిన రుద్దారు కదా అందరూ కలిసి!"

ఆవిడ వచ్చి చూసింది. ఏం చూస్తున్నదో అర్థంకాక బొమ్మను మళ్ళీ చిన్నది చేయించింది. మెడ వంచి చూసి, లాభం లేక లాప్‌టాప్‌నే ఎత్తి తలకిందులుగా తిప్పింది.

ఆకాశం పైకి పోయింది. బావమరిది చెయ్యి కిందికి దిగింది. వేలు సూటిగా రోడ్డు వైపు.

"పలకరింపు కాదండీ ఇది. గుంత చూపిస్తున్నాడు."

పళ్ళమేస్త్రి గుండెల మీంచి పెద్ద బండ దిగింది. "అయితే నేను చూపించినట్టే! ముందు నేనున్నాను, వాడికి గుంత కనబడే దారే లేదు. నేను చూపిస్తేనే వాడు చూపిస్తాడు. ముందువాడు చూపించింది వెనకవాడికి అందించాలి, అది మా పద్ధతి."

"బాగుంది. మరి వాడి వెనక ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. ఇద్దరమేగా వెళ్ళింది."

"మరి ఎవరికి అందిస్తున్నాడు?"

పళ్ళమేస్త్రికి తన తిట్లు గుర్తొచ్చాయి. ఇదివరకు ఒకటి రెండుసార్లు బావమరిది చెయ్యి చూపించడం మరిస్తే, వెనక కెమెరాలో అది పట్టుకుని ఇంటికొచ్చాక చెడామడా తిట్టాడు. "వెనక ఎవరూ లేరుగా బావా" అంటే, "లేకపోతే మాత్రం? అలవాటు తప్పకూడదు. చూపించి తీరాలి" అన్నాడు. అతను చూపించాడు. దిగువకు జారుతూ, ఒక్క చేత్తో హ్యాండిల్ పట్టుకుని, ముందు బావ బ్రేకు నొక్కేవేళకు తను బ్రేకు నొక్కాల్సిన చేత్తో ఎవరూ లేని రోడ్డుకు గుంతను చూపించాడు.

ఆవిడ లాప్‌టాప్‌ను తిన్నగా పెట్టి మూసేసింది. తిడితే బాగుండునని ఆయనకు అనిపించింది.

వీళ్ళ కేకలకు బావమరిది చెయ్యి పదిలంగా పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "తేలిందా బావా? నువ్వు చూపించావా?"

"చూపించాను."

"మరి నేనో?"

"నువ్వూ చూపించావురా."

"హమ్మయ్య!" బావమరిది మొహం చేటంత అయింది. "ఈసారీ మరిచానేమో, మళ్ళీ తిడతావేమోనని ఇన్నాళ్ళూ ఒకటే బెంగ బావా."

పళ్ళమేస్త్రి తల ఎత్తలేక, "తప్పు నాదేరా" అన్నాడు.

"అదేంటి బావా? ఇద్దరం చూపించామని ఇప్పుడేగా అన్నావు!" అని బావమరిది అయోమయంగా అక్క వైపు చూశాడు.