నాలుగో దిమ్మె

మూడో దిమ్మె మీద కడవ వంచి నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి, రామాంజినమ్మ ఎప్పటిలాగే కడవ వంచకుండా ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్కదానికి రెండు చెంబులు తక్కువ పోయమని పదకొండేళ్ళుగా మనసు పోరుతూనే ఉంది. ఒక్కనాడూ తక్కువ పోయలేదు.

"ఇంకాసేపట్లో పగలగొట్టేటివే కదమ్మా, నీళ్లెందుకు?" అన్నాడు సమ్మెట పుల్లన్న.

"ఉరిశిక్ష పడినోనికైనా అన్నం పెడతారు లేప్పా" అంది.

సోమందేపల్లె రోడ్డు పక్కన ముళ్లకంచె వేసిన సర్కారు పరీక్షల ఆవరణ అది. తుప్పు పట్టదని పేరున్న స్టీలు కమ్మీలను వెల్డింగుతో అతికి, ఆరు కాంక్రీటు దిమ్మెల్లో పెట్టి పోశారు. వాటికి రోజూ ఉప్పునీళ్లు తాగించి, అతుకు నిలుస్తుందో లేదో చూడాలి. వానకు మొగం వాచిన చోట రాళ్లకు నీళ్లు పోసే ఉద్యోగం! దారినపోయేవాళ్లు నవ్వితే, "మొలకెత్తితే ఒక కొమ్మ నీకిస్తాలే" అని తానూ నవ్వేది. పొట్టి మనిషి. కడవ ఒరిసి నడుము కాయ కాచింది, ఉప్పుకు పాదాలు తెల్లగా పగిలాయి. హాజరు పట్టీలో ఆమె పేరు లేదు, 'నీళ్ల మనిషి' అని ఉంది. అందరికీ నీళ్లమ్మే.

దిమ్మెలు పోసింది డెబ్బై నాలుగులో. ఆ రోజు అందరూ సంగటి తినడానికి పోయినప్పుడు, నాలుగో అచ్చులోని కమ్మీ అతుకు చుట్టూ నీలంగా, నల్లగా కమిలి ఆమె కంట పడింది. కొత్త స్టీలు మీద మాడు! చూస్తూ ఊరుకోలేకపోయింది. ఎండకు నోరు ఆరకుండా కొంగున కట్టుకునే చింతపండు తీసి, ఇసుక అద్ది, తళతళలాడేదాకా తోమి కడిగింది. ఐదోదాని మీద చేయి వేయబోతుండగా ఇంజనీరు శ్రీరంగప్ప దూరం నుంచి పనివాళ్లను హెచ్చరించడం వినపడింది. "కమ్మీలను ఎవరూ ముట్టుకోవద్దండి, పరీక్ష చెడిపోతాది!"

ఆ ముల్లు ఇన్నేళ్లూ గుండెలోనే ఉంది.

పుల్లన్న సమ్మెట ఎత్తాడు. మొదటి దిమ్మె పగిలింది. అతుకు దగ్గర ఎర్రటి మచ్చలు, చిన్న చిన్న గుంటలు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. నాలుగోదాని వంతు రాగానే రామాంజినమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొహం తిప్పుకుంది. దెబ్బ పడింది. శ్రీరంగప్ప వంగి అతుకును చూశాడు.

"ఇదేందప్పా! మచ్చే లేదే!" అన్నాడు ఇంజనీరు.

ఐదు, ఆరు కూడా పగలగొట్టారు. వాటిలోనూ తుప్పే. ఆయన తల గోక్కుంటూ నిలబడిపోయాడు. ఆమె ఇక ఆగలేకపోయింది.

"నేనే చెడగొట్టినా సామీ. మాడు చూడబుద్ధి గాక చింతపండేసి తోమినా."

శ్రీరంగప్ప కమ్మీ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఆ మాడు కాడనే తుప్పు మొదలయ్యేది! నీ చింతపండు పులుపు దాన్ని తీసేసింది. చెడగొట్టలేదు తల్లీ, మాకు తెలియనిది చూపించినావు. ఇంకా ఉండాదా ఆ చింతపండు?"

ఆమె కొంగు ముడి విప్పింది. గుండె దూదిపింజెలా తేలిపోయింది.

"ఇంతకూ నీ పేరేందమ్మా?"

పదకొండేళ్లలో మొదటిసారి ఎవరో అడిగారు. సిగ్గుపడుతూ చెప్పింది.

దిమ్మెలు లేవు కనుక పనీ లేదు. సాయంత్రం మడకశిర బస్సెక్కి, కిటికీలోంచి చేయి ఊపుతూ వెళ్లిపోయింది.

ఇంజనీరు బల్ల మీద, యాసిడ్ సీసాల వరుస చివర, మూత పెట్టిన సీసాలో చింతపండు ముద్ద ఒకటి మిగిలింది. దాని మీద అంటించిన చీటీలో 'రామాంజినమ్మ' అని ఉంది.